ముప్ఫై అడుగుల జిరాఫీ

టీచరమ్మ పోయిందన్న కబురు మా బడి డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులోకి పొద్దున ఆరింటికి వచ్చింది. ఊళ్లో వాళ్ల తమ్ముడెవరో పెట్టాడట. నివాళి పెడదాం, ఎవరి దగ్గరైనా ఫోటో ఉంటే పంపండని కేరళ డ్రైవర్ అడిగాడు. అందరం ఫోన్లు తవ్వాం. పదకొండేళ్లు ఒకే గేటులోంచి లోపలికీ బయటికీ నడిచిన మనిషి, మొహం కనిపించే ఫోటో మాత్రం ఒక్కరి దగ్గరా లేదు. ఒకదాంట్లో అట్టపెట్టెతో చేసిన ఏనుగు తల తొడుక్కుని ఉంది. ఇంకోదాంట్లో నేలమీద మొసలిలా బోర్లా పడుకుని ఉంది, వీపు మీద ముగ్గురు పిల్లలున్నారు. మూడోదాంట్లో పెంగ్విన్ల వరుస, చివర నడుస్తున్న లావుపాటి పెంగ్విన్ ఆమే. చివరికి ఏనుగు తలదే పెట్టారు. దాని కింద నలభై మంది చేతులు జోడించారు.

నేనూ జోడించాను. నాకు అసలు మొహం గుర్తుంది. అబద్ధమాడిన వాడికి ఎదుటివాళ్ల మొహం బాగా గుర్తుంటుంది.

సౌదీలో, దమ్మాంలో మాది చిన్న బడి. మూడంతస్తుల పాత విల్లా కొని, గోడలు కొట్టి గదులు చేశారు. ఏసీ చెడినా, కుళాయి కారినా, బల్ల కాలు ఊగినా నేనే. మాది జగిత్యాల పక్కన. ఆగస్టులో దమ్మాం గాలిని పట్టి పిండితే బకెట్టు నిండుతుంది, నేను పిండి చూశాను కాబట్టి చెబుతున్నాను. అలాంటి గాలిలో కూడా ఆమె నల్ల అబాయా జేబులో రెండు వస్తువులు మోసేది. ఒకటి గుడ్డ టేపు, దర్జీవాళ్లది. రెండోది చేతివేలంత సుద్దముక్క. ఆమెది నర్సాపురం వైపు. కేజీ పిల్లలకు చెప్పేది. పిల్లల్లో సగం మంది మన కోస్తా నర్సమ్మల పిల్లలే. తల్లి నైటు డ్యూటీ దిగి నిద్రపోయే వేళకి పిల్ల బడికొస్తుంది, పిల్ల నిద్రపోయే వేళకి తల్లి డ్యూటీకెక్కుతుంది. ఆ పిల్లలు పగలు ఎక్కువగా చూసే పెద్ద మొహం టీచరమ్మదే.

బొమ్మల పుస్తకాలంటే ఆమెకు పడేది కాదు. ఒకరోజు పుస్తకం నా ముందు తెరిచి చూపించింది. ఒక పేజీలో చీమ, పక్క పేజీలో ఏనుగు, రెండూ నాలుగు వేళ్ల వెడల్పు.

"చూశావా తమ్ముడూ, ఈ పుస్తకం చదివిన పిల్లకి చీమా ఏనుగూ ఒకటే సైజు. రేపు ఏనుగు ఎదురైతే చెప్పుతో కొడతాది."

అందుకని ఆమె బడిలో జంతువులన్నీ అసలు కొలతలోనే పుట్టేవి. ఆటస్థలంలో సుద్దతో ఏనుగు గీసి, ఆ గీత లోపల పిల్లలందరినీ నిలబెట్టింది. ఇరవై ఏడుగురు పట్టారు. ఇంకా తొండం ఖాళీగా మిగిలింది. తొండంలో నిలబడతామని పిల్లలు కొట్టుకున్నారు. ఉష్ట్రపక్షి గుడ్డు ఎంతుంటుందో చెప్పడానికి ఇరవై నాలుగు కోడిగుడ్లు బల్ల మీద పేర్చి, ఇవన్నీ కలిపితే ఒకటి అంది. మొసలి పీరియడ్ అని ఒకటుండేది. మొసలి గంటసేపు కదలదు కాబట్టి అందరూ నేలమీద కదలకుండా పడుకోవాలి. ఆ పీరియడ్‌లో కేజీ గది ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, పిల్లలను ఎవరో ఎత్తుకుపోయారని ప్రిన్సిపాల్ మేడమ్ రెండుసార్లు పరుగెత్తుకొచ్చింది. సింహం నాలుక గరుకుగా ఉంటుందని నా దగ్గర గరుకు కాగితం అడిగి తీసుకుని, చిన్నచిన్న ముక్కలు కోసి పిల్లల అరచేతుల మీద ఒక్కోసారి రుద్దింది. ఒక తల్లి మర్నాడు పిల్ల చెయ్యి ఎర్రబడిందని వచ్చింది. పిల్ల మాత్రం సింహం నాకిందని ఆ చెయ్యి సాయంత్రం దాకా కడగనివ్వలేదట.

ఈ కొలతలు, కబుర్లు ఆమె ఫోనులో వెతికేది కాదు. అదే ఆమె పిచ్చి. ఫోనుకి కళ్లు లేవు, చూసినోళ్లని అడగాలి అనేది. ఒక రూళ్ల నోటుబుక్కు ఉండేది. మొదటి గడిలో జంతువు, రెండో గడిలో కొలత, మూడో గడి మీద 'చూసినవారు' అని రాసుకుంది. ఏనుగు పక్కన కేరళ డ్రైవర్ ఉన్నాడు, చిన్నప్పుడు భయం పోవాలని గుడి ఏనుగు పొట్ట కింద నుంచి అటూ ఇటూ దూర్చారట వాడిని. ఉష్ట్రపక్షి గుడ్డు పక్కన సూడాన్ వాచ్‌మన్. సింహం నాలుక పక్కన పాకిస్తానీ డ్రైవర్, లాహోర్‌లో ఎవరో షేఠ్ ఇంట్లో సింహం పిల్లకు సీసాతో పాలు పట్టినవాడు. గల్ఫుకొచ్చిన మనుషులను అందరూ నువ్వేం పని చేస్తావని అడుగుతారు. ఆమె మాత్రం నువ్వేం చూశావని అడిగేది.

నన్నూ అడిగింది. కేజీ గదిలో అల్మారా బిగిస్తున్నాను. ఇంతకుముందు ఎక్కడ చేశావు తమ్ముడూ అంది. నిజం చెప్పాలంటే హైదరాబాదు జూ ప్రహరీగోడ కట్టేటప్పుడు ఆరు వారాలు ఇటుకలు మోశాను. గోడకు బయట. లోపల ఏవో అరుపులు వినపడేవి, వాసన వచ్చేది, అంతే. కానీ అంత చిన్న ముక్క చెప్పి ఊరుకోవడం మా ఇంటావంటా లేదు. జూలో నాలుగేళ్లు పనిచేశానన్నాను. జిరాఫీకి మేత పెట్టేవాణ్నన్నాను. నిచ్చెన మీద నిచ్చెన కట్టి ఎక్కేవాణ్నని, అది నా నెత్తి మీద టోపీ తీసి దాచుకునేదని, సాయంత్రం డ్యూటీ దిగేముందు తిరిగిచ్చేదని చెప్పాను.

ఆమె సుత్తి పట్టుకున్న నా చెయ్యి వైపు చూసింది, జిరాఫీని ముట్టిన చెయ్యి అన్నట్టు. ఎంతెత్తు ఉంటుంది అంది.

"ముప్ఫై అడుగులుంటది అక్కా. ఇంకో అడుగు ఎక్కువనే."

అబాయా జేబులోంచి పెన్ను తీసి రాసుకుంది. జిరాఫీ, ముప్ఫై అడుగులు, మెయింటెనెన్స్ తమ్ముడు. నోటుబుక్కు నిండా ఉన్న సాక్షుల్లో దొంగసాక్షిని నేనొక్కణ్నే.

ఆ ముప్ఫై అడుగులు ఏ గదిలోనూ పట్టవు కదా. మెట్ల గోడకు ఎక్కించింది. బడి వదిలాక నేను రంగు వేస్తుంటే టేపు కొస పట్టుకుని పై మెట్టు మీద నిలబడేది. తలుపులకు వేయగా మిగిలిన పసుపు, కొంచెం కాఫీరంగు. కాళ్లు కింది అంతస్తులో మొదలయ్యాయి, మెడ మెట్ల వెంట ఎక్కుతూ పోయింది, తల మేడ మీదికి వెళ్లే తలుపు పక్కన తేలింది. పిల్లలు పచ్చ కాగితంతో కత్తిరించిన ఆకులు పట్టుకుని అరవై మెట్లు ఎక్కి, మూతికి ఆనించి, ఆయాసపడుతూ దిగేవారు. టీచరమ్మ చెప్పిన టోపీ కథ విని, పైనుంచి దిగిన ప్రతి పిల్లా గేటు దగ్గర నన్ను చూసి, అంకుల్, మీ టోపీ ఇవ్వలేదని చెప్పేది. నాలుగు రోజులు నాకు కాలరు నిలబడింది. అయిదో రోజు చెబుదామనుకున్నాను. ఆరో రోజుకి ఏసీ ఒకటి చెడింది.

ఇక్కడ ఆమె ఇంటి సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే తరవాతది అర్థం కాదు. వాళ్లాయన ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. రెండు కిడ్నీలూ పోయాయి, ఉద్యోగమూ పోయింది. అప్పటినుంచి ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఆమె మీద, ఆమె ఇఖామా బడి మీద, ఆయనకు వారానికి మూడుసార్లు జరిగే డయాలసిస్ బడి ఇచ్చే ఇన్సూరెన్సు మీద నడిచేవి. బడి చెయ్యి తీసేస్తే మూడూ ఒకేసారి పోతాయి. పిల్లల్లేరు వాళ్లకి. ఈ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆయనే ఆసుపత్రి బండి కోసం వాళ్ల బిల్డింగు కింద కూర్చుని నాకు చెప్పాడు, నవ్వుతూ, తనను రోజు విడిచి రోజు ఉతికి ఆరేస్తున్నారని.

ఆ ఏడాది యాజమాన్యం డిగ్రీ లేని టీచర్లు వద్దంది. ఆమె చదివింది ఇంటరు, దాని మీద మిషన్ వాళ్ల నర్సరీ ట్రైనింగు. ప్రిన్సిపాల్ మేడమ్ బతిమాలితే ఒక దారి ఇచ్చారు. రియాద్ నుంచి పర్యవేక్షకుడు వస్తాడు, ఆయన ముందు ఒక పాఠం చెప్పాలి, ఆయన బాగుందని రాస్తే ఇంకో రెండేళ్లు ఉండవచ్చు. ఏం పాఠం చెబుతావని అడిగితే జంతువులు అంది. ఇంకేం చెబుతుంది.

పిల్లలున్నప్పుడు మగవాళ్లం లోపల తిరగకూడదు. ఆ రోజు బల్లలు జరపాలని మేడమ్ నన్ను వరండాలో ఉండమంది. తలుపు సందులోంచి చూశాను. అంత బాగా చెప్పడం నేను చూడలేదు. మొసలి పీరియడ్‌లో పర్యవేక్షకుడి షూ మీద ఒక పిల్ల తల పెట్టి పడుకుంటే ఆయన అయిదు నిమిషాలు కాలు కదపలేదు. గరుకు కాగితం తన అరచేతి మీద కూడా రుద్దించుకున్నాడు. ఆయన తన ఫారం మీద టిక్కులు పెడుతుంటే, ఒక్కో టిక్కూ ఒక్కో డయాలసిస్ అని లెక్కపెడుతూ నేను బయట నిలబడ్డాను.

తరవాత అందరినీ మెట్ల దగ్గరకు తీసుకొచ్చింది. ఆయన తలెత్తి చూశాడు. ఎంతెత్తని అడిగాడు. పిల్లలందరూ ఒకే గొంతుతో ముప్ఫై అని అరిచారు. ఆయన ఫోను తీశాడు. కళ్లద్దాలు పైకి తోశాడు. ఎంత పెద్ద జిరాఫీ అయినా పద్దెనిమిది, పందొమ్మిది అడుగులు దాటదే అని హిందీలో మెత్తగానే అన్నాడు.

ఆమె నోటుబుక్కు తెరిచి మూడో గడి చూపించింది. మా మెయింటెనెన్స్ ఆయన జూలో చేశారండీ, మేత పెట్టారు అంది. నన్ను పిలిచింది.

చేతిలో డ్రిల్లింగ్ మిషను పట్టుకుని వెళ్లి నిలబడ్డాను. నువ్వు జూలో చేశావా అని ఆయన అడిగాడు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో భయం లేదు. భయముంటే బహుశా నిజం చెప్పేవాణ్నేమో. నిశ్చింతగా చూసింది, సాక్షి వచ్చాడు కదా అని. నాకు గుర్తుందన్న మొహం అదే.

చేశానన్నాను. ఫోనులో ఉన్నవి మామూలు జిరాఫీలు సాబ్, మాది హైదరాబాదు జిరాఫీ, మొదటి అంతస్తు ట్యాంకులోంచి నీళ్లు తాగేది, మూత కూడా పెట్టేది కాదు అన్నాను. పర్యవేక్షకుడు పగలబడి నవ్వాడు. మేడమ్ నవ్వింది. పిల్లలు ఎందుకో తెలియకపోయినా గెంతారు. ఆయన కళ్లు తుడుచుకుని ఇంకోటి చెప్పమన్నాడు. ఇంకో రెండు చెప్పాను. నా భుజం తట్టి, నీలాంటోడు మా ఆఫీసులో ఉండాలన్నాడు. ఆ సాయంత్రం మేం ఉండే క్యాంపులో చాయ్ తాగుతూ, ఒక సంసారాన్ని ఒంటి నాలుకతో నిలబెట్టానని చెప్పుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

పది రోజులకు కాగితం వచ్చింది. బోధనేతర సిబ్బందిని పాఠంలోకి తెచ్చారు, పరిశీలించని సమాచారం చిన్నపిల్లలకు చెప్పారు, కాబట్టి కాంట్రాక్టు పొడిగించడం లేదు. నాకు కూడా ఒకటి వచ్చింది, ఇకమీదట బడి వేళల్లో తరగతుల వైపు వెళ్లకూడదని. మెట్ల గోడకు తెల్ల సున్నం వేయమని నోటిమాటగా చెప్పారు. వేశాను. పై నుంచి మొదలుపెట్టాను, తల ముందు పోయింది.

చాలా రోజుల తరవాత ఆఫీసు క్లర్కు నాతో అన్నాడు, ఆ పాఠానికి నెల ముందే కొత్త టీచరు వీసా స్టాంపింగ్ అయిపోయిందని, పాఠం ఉత్త తంతేనని. నిజమో, నా మొహం చూసి అన్నాడో తెలియదు. కొన్ని రోజులు ఆ మాట నమ్ముతాను. కొన్ని రోజులు నమ్మబుద్ధి కాదు.

ఇక ఊరికి వెళ్లిపొమ్మని ఫైనల్ ఎగ్జిట్ ముద్ర పడ్డాక వాళ్ల ఫ్లాటుకి వెళ్లాను. అట్టపెట్టెలు కట్టడానికి రమ్మంది. ఆయన మంచం మీద పడుకుని, సూదులు గుచ్చే చెయ్యి దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. మంగళవారం ఇక్కడ డయాలసిస్, బుధవారం విమానం, శుక్రవారం భీమవరంలో దొరుకుతుందో లేదో ఇంకా ఫోనులు చేస్తున్నారు. తాడు బిగిస్తూ చెప్పేశాను.

"అక్కా, నేను జూల పని చెయ్యలే. గోడ అవతల ఇటుకలు మోసిన. జిరాఫీని సూడనే లేదు."

ఆమె చేతిలో గిన్నె ఉంది. దాన్ని పాత పేపరులో చుట్టడం పూర్తి చేసి పెట్టెలో పెట్టింది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"మరి ఎవరు చూశారు తమ్ముడూ?"

ఎవరూ చూడలేదన్నాను. నోటుబుక్కు తెచ్చింది. మూడో గడిలో నా పేరు కొట్టేసింది. రెండో గడిలో ముప్ఫై మీద పెన్ను ఆపి ఆలోచించింది, దాని స్థానంలో ఏం రాయాలో ఎవరూ చెప్పేవాళ్లు లేరు కదా. ఖాళీగా వదిలేసింది.

"ఇరవై ఏడు మందికి చెప్పేశానే" అంది.

తన ఉద్యోగం గురించి ఒక్క మాటా లేదు. మంచం మీద నుంచి ఆయన, ఇంతకీ ఎంతుంటుందంటావ్ అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. ఆమె చాయ్ పెట్టి ఇచ్చింది. తాగాను. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు.

అక్కడ వారానికి మూడుసార్లు దొరకలేదు. రెండుసార్లే, అదీ ఆసుపత్రిలో మిషను ఖాళీ ఉంటే. బస్సులో తీసుకెళ్లేది. ఆయనకు ఒళ్లు నీరు పట్టింది. ఈస్టరు దాకా ఉండలేదు. ఆ సంగతి నాకు ఎవరి ద్వారానో తెలిసింది. ఫోను చేయడానికి మొహం చెల్లలేదు.

ఏడాది తరవాత ఆమే వాయిస్ మెసేజ్ పెట్టింది. వెనకాల పిల్లల గోల, ఎవరో ఐస్‌క్రీం అమ్ముతున్నారు. విశాఖపట్నం జూ నుంచి.

"పదహారంట తమ్ముడూ. రోజూ మేత వేసే అబ్బాయే చెప్పాడు. నేను కూడా చూశాను, కళ్లారా. పిల్లలకి చెప్పెయ్యి."

నర్సాపురం నుంచి ఒక్కతే రైలెక్కి వెళ్లింది. అందుకోసమే. ఆ పిల్లలు అప్పటికి ఒకటో తరగతి, రెండో అంతస్తు. నాకు అటు అడుగుపెట్టే వీలు లేదు. చెబుతానని రాస్తే సరిపోయేది. చెప్పానని రాశాను. వెంటనే ఇంకో మెసేజ్ వచ్చింది, కొలిచి చూపించావా అని. చూపించానన్నాను. దేవుడు నిన్ను చల్లగా చూడాలి అంది. ఆమె నాతో మాట్లాడిన ఆఖరి మాట అది. అప్పటికే ఒంట్లో బాగా లేదని ఇప్పుడంటున్నారు.

మొన్న కబురొచ్చిన తరవాతి ఆదివారం, బడి వదిలే వేళకి మెట్ల దగ్గరకు వెళ్లాను. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది అనుకున్నాను. ఇనుప టేపు కింద గోడకు ఆనించి లాగాను. పదహారు అడుగులు మొదటి మలుపు దాటగానే అయిపోయింది. పెన్సిలుతో అడ్డంగా గీత పెట్టాను. బస్సు కోసం నిలబడ్డ పిల్లల్లో ఒకమ్మాయి నన్ను గుర్తుపట్టి వచ్చింది. నర్సమ్మ కూతురు, ఇప్పుడు రెండో తరగతి, పైపళ్లు రెండు లేవు. ఒకప్పుడు సింహం నాకిన చెయ్యి కడగనివ్వనిది ఈ పిల్లే. ఏం గీశారు అంకుల్ అని అడిగింది. జిరాఫీ అన్నాను. ఇక్కడి దాకా ఉంటదమ్మా.

ఆ పిల్ల గీత వైపు చూసింది. తల వెనక్కి వాల్చి పైన మేడ తలుపు వైపు చూసింది. మళ్లీ గీత వైపు చూసింది.

"కూర్చుందా?"

"లేదమ్మా. నిలబడ్డదే. ఇంతే ఉంటది. నేను అప్పుడు అబద్ధం చెప్పిన."

కాసేపు నా మొహంలోకి చూసింది, ఇది కూడా టోపీ కథలాంటిదే అన్నట్టు నవ్వడానికి సిద్ధంగా. నేను నవ్వలేదు. బయట బస్సు హారను కొట్టింది. సంచి భుజాన వేసుకుంది.

"అది మీరు చెప్పింది కాదు అంకుల్, మా టీచర్ టేపుతో కొలిచింది" అని చెప్పి, బస్సు వైపు పరుగెత్తింది.